పురుగును తినే మొక్క, మందు కొట్టే కూలీ

పురుగుల్ని తినే మొక్కలున్నాయట, చేలో పెంచితే మందు ఖర్చే ఉండదట గదా అని కుర్రాళ్లు ఫోనుల్లో చూసి అడుగుతున్నారు. మొక్కలున్న మాట నిజమే. తడి ఆరని ఇసుక బీళ్లలో నేలకంటుకుని, ఎర్రటి ఆకుల నిండా మంచు బొట్లలాంటి జిగురుతో ఉండే బుల్లి మొక్క ఒకటుంది. పేరు డ్రోసెరా. మనం తొక్కుకుంటూ పోతాం గాని పట్టించుకోం. దోమ వాలితే జిగురుకు అతుక్కుపోతుంది, ఆకు మెల్లగా ముడుచుకుని దాన్ని అరిగించుకుంటుంది. డార్విన్ 1875లో ఈ మొక్కల మీద ఒక పుస్తకమే వేశాడు.

అయితే అది పురుగును తినేది నేలలో నత్రజని చాలక. యూరియా చల్లే చేలో అది బతకదు. కాయలో దూరిన శనగపచ్చ పురుగు దానికి అందదు. పత్తిచేనుకు అది కాపలా కాదు.

మనకు పనికొచ్చే ఉచ్చు వేరే ఉంది. ఆముదం, బంతి. పత్తి, మిరప, వేరుశనగ చుట్టూ ఆముదం వేస్తే లద్దె పురుగు తల్లి ఆ వెడల్పాటి ఆకును వెతుక్కుని గుంపుగా గుడ్లు పెడుతుంది. ఒక్కో గుంపులో వందల గుడ్లు. పిల్లపురుగులు చెదరక ముందే ఆకు తుంచితే చేనంతా పాకాల్సింది ఒక్క గంపలో చిక్కుతుంది. శనగపచ్చ పురుగు తల్లి బంతిపూలను కోరుతుంది. పత్తి పూతకొచ్చే నాటికి బంతి పూసి ఉండాలి గనక నారు ముందే పోసుకోవాలి. నాటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు ఇలాంటి ఎర పంటలూ, వేపగింజల కషాయమూ నమ్ముకుని 2004 నాటికి పురుగుమందులు మానేశారు.

చేను ఆసామిది, మనకేం పని అంటారా? డబ్బా వీపున మోసేది ఎవరు? 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చచ్చిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. కూలీలూ, చిన్న రైతులే. మందు సీసా మీద ఎర్ర గుర్తుంటే అది అన్నిటికంటే ఘోరమైన విషం. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనలు రక్షణ దుస్తుల సంగతి చెబుతూనే ఉన్నాయి. మన ఊళ్లో మూతికి తువ్వాలే గతి.

"గుడ్లు ఏరడానికి కూలి ఎవడిస్తాడయ్యా" అని ఆసాములు అడుగుతారు. తేల్చుకోవాల్సిన మాటే ఇది. మందుకు పెట్టిన డబ్బు కొట్టు దాటి కంపెనీకి పోతుంది. ఏరినందుకిచ్చే కూలి ఊళ్లోనే ఉంటుంది, అదీ ఎక్కువగా ఆడకూలీల చేతికి. కలుపు కూలికి తగ్గకుండా ఈ పనికి రేటు సీజనుకు ముందే సంఘంలో కూర్చుని మాట్లాడుకోవాలి. వారానికి రెండుసార్లయినా చేను చుట్టి రావాలి. తుంచిన ఆకుల్ని గట్టున పారెయ్యొద్దు, పిల్లపురుగులు పాకి మళ్లీ చేలోకే వస్తాయి. కిరసనాయిలు కలిపిన నీళ్లలో వెయ్యండి, లేదా తగలబెట్టండి.