తక్కువ బడ్జెట్‌లో సరదాగా నడిచే పాత కారు: మోడల్ కంటే ముందు చూసుకోవాల్సినవి

మూడు లక్షల రూపాయలతో పాత కారు కోసం బయల్దేరిన కుటుంబానికి మార్కెట్‌లో రెండు రకాల బండ్లు కనిపిస్తాయి. ఒకటి, ఏడెనిమిదేళ్లు నడిచిన చిన్న కారు. రెండోది, ఇంచుమించు అదే ధరకు దొరికే పదిహేనేళ్ల నాటి పెద్ద సెడాన్. లెదర్ సీట్లు, సన్‌రూఫ్, పెద్ద కంపెనీ పేరు. ఇంట్లో కుర్రాళ్ల చూపు రెండోదాని మీదే పడుతుంది. అబ్బా జేబుకు చిల్లు పడేదీ అక్కడే. ఇరవై లక్షల కారు మూడు లక్షలకు దిగిందంటే తగ్గింది దాని ధర మాత్రమే, దాని విడిభాగాల ధర కాదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మొరాయిస్తే ఇరవై లక్షల కారుకు అయ్యే రిపేరు ఖర్చే అవుతుంది.

అలాగని సరదా వదులుకోవాల్సిన పని లేదు. నడపడానికి హుషారుగా ఉండటానికి కారు పెద్దది కానక్కర్లేదు, ఖరీదైనదీ కానక్కర్లేదు. బరువు తక్కువగా ఉండాలి, ఇంజిన్ పిలవగానే పలకాలి, గేర్లు తేలిగ్గా పడాలి, స్టీరింగ్ తిప్పిన వైపు బండి వెంటనే తిరగాలి. ఈ నాలుగూ మన దేశంలో చిన్న కార్లలోనే బాగా కుదిరాయి.

మారుతి స్విఫ్ట్ అందరికీ తెలిసిందే. 2005లో వచ్చినప్పటి నుంచి కుర్రకారుకు ఇష్టమైన బండి. 2011లో రెండో తరం, 2018లో మూడో తరం వచ్చాయి. మూడో తరం బండి పాతదానికంటే తేలిక, పైగా అన్ని వేరియంట్లలో రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్‌కు విడిభాగాలు మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి. చిక్కల్లా ఒక్కటే, గిరాకీ ఎక్కువ కాబట్టి ధర దిగదు. అదే డబ్బుకు వేరే కంపెనీ బండి రెండు మూడేళ్లు కొత్తది వస్తుంది.

చాలామంది పట్టించుకోని బండి హోండా బ్రియో. 2011లో వచ్చింది, తయారీ ఆగి చాలా ఏళ్లయింది. టన్ను కూడా బరువుండని ఈ కారులో 88 హార్స్‌పవర్ ఇచ్చే 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఉంది. గేర్ లివర్ వేళ్లతో వేసినంత తేలిక. ఆగిపోయిన మోడల్ కదా, పార్టులు దొరుకుతాయా అన్నది సహజంగా వచ్చే అనుమానం. ఇదే ఇంజిన్ అమేజ్‌లోనూ వాడారు కాబట్టి ఇంజిన్ సామాను దొరుకుతుంది. అద్దాలు, వెనక డోరు లాంటి వాటికి కొంచెం వెతకాలి. డిక్కీ మాత్రం మరీ చిన్నది. ఈద్‌కి ఊరికి వెళ్లేటప్పుడు నలుగురి సామాను పట్టదు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి సరిపోతుంది, దాదీ, నానీ కూడా ప్రయాణం చేసే ఇంటికి ఇరుకే.

ఇంకా తక్కువ డబ్బుంటే ఆల్టో కె10. ముప్పావు టన్నుకు అటూ ఇటూ బరువు, లీటర్ ఇంజిన్, 68 హార్స్‌పవర్. చూడటానికి ఏమీ ఉండదు గానీ పాతబస్తీ సందుల్లో దీన్ని మించి చలాకీగా తిరిగేది అరుదు. గ్రాండ్ ఐ10 పెట్రోల్ సాఫీగా నడుస్తుంది, క్లచ్ తేలిక, ఇంట్లో ఆడవాళ్లు డ్రైవింగ్ నేర్చుకోవడానికి కూడా మంచిది. హుషారు కాస్త తక్కువ.

వేగం ఇష్టపడేవాళ్లు ఫోర్డ్ ఫిగో డీజిల్ గురించి అడుగుతుంటారు. 2015లో వచ్చిన ఫిగోలో 100 హార్స్‌పవర్ ఇచ్చే 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఉంది. అంత చిన్న కారులో అంత బలం ఆ ధరకు ఇంకెక్కడా రాదు. కానీ 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అందుకే రేటు తక్కువ. ఊళ్లో ఫోర్డ్ పని తెలిసిన మెకానిక్ ఉంటే లాభసాటి బేరం, లేకపోతే తలనొప్పి. ఫోక్స్‌వ్యాగన్ పోలో హైవే మీద రోడ్డును పట్టుకుని పోతుంది, గట్టి బండి. అయితే అందులో డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నదాన్ని ఈ బడ్జెట్‌లో ముట్టుకోకపోవడమే మంచిది. అది చెడిపోతే రిపేరు లక్ష దాటొచ్చు.

డీజిలా, పెట్రోలా అంటే నెలకు పదిహేను వందల కిలోమీటర్ల పైన తిరిగేవాళ్లకే డీజిల్ గిట్టుబాటు. పెట్రోల్ బండి విషయంలో ఇప్పుడు ఇంకో సంగతి ఉంది. బంకుల్లో వచ్చేది ఎక్కువగా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావాటిని దాని కోసం తయారు చేయలేదు. కొన్న వెంటనే పెట్రోల్ పైపులు, రబ్బరు సీళ్లు ఒకసారి చూపించుకుంటే మంచిది.

మోడల్ మీద ఇంట్లో ఎంత చర్చ జరిగినా, చివరికి డబ్బు నిలబెట్టేదీ ముంచేదీ బండి కండిషనే. ఎలాంటి స్విఫ్ట్ కన్నా బాగా చూసుకున్న ఆల్టో మేలు.

మన దగ్గర ముందుగా భయపడాల్సింది వరదలో మునిగిన కార్ల గురించి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో హఫీజ్‌బాబా నగర్ లాంటి చోట్ల, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లో నీళ్లు ఇళ్లలోకి వచ్చిన సంగతి మర్చిపోలేం. మునిగిన బండ్లను బాగుచేసి అమ్మేవాళ్లు ఉంటారు, పక్క రాష్ట్రాల నుంచి కూడా వస్తాయి. కడిగి, పాలిష్ కొట్టి, సెంటు చల్లితే పైకి తెలియదు. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడాలి. లోపలి భాగంలో మట్టి చార ఉంటే అది వరద నీటి గుర్తే. సీట్ల కింద బోల్టుల తుప్పు, కార్పెట్ కింద తడి వాసన, స్టెప్నీ గుంటలో ఇసుక చూడాలి. మునిగిన కారు కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత వైరింగ్ ఒక్కొక్కటిగా పోతుంది, ఎక్కడ పోయిందో మెకానిక్‌కూ అంతుపట్టదు.

బేరానికి పొద్దున్నే వెళ్లాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాని నిజం బయటపడుతుంది. వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పొచ్చు. నీలిరంగు పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతున్నట్టు. డీజిల్ బండి ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నిందా, మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే, ఇక మాట్లాడకుండా తిరిగొచ్చేయడమే. బానెట్ ఎత్తి రెండు పక్కలా టైర్ల మీదుగా ఉండే ఆప్రాన్ గోడలు చూడాలి. అక్కడ వెల్డింగ్ అతుకులుంటే పెద్ద యాక్సిడెంట్ అయినట్టే.

మీటర్‌లో కిలోమీటర్లు వెనక్కి తిప్పడం పాత విద్య. మీటర్ నలభై వేలు చూపిస్తూ, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి, స్టీరింగ్ నున్నగా మెరుస్తుంటే నమ్మకూడదు. అమ్మేవాళ్ల చేతే కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి సర్వీస్ రికార్డు తెప్పించుకుంటే తేలిపోతుంది. టైరు పక్కన నాలుగంకెల నంబరుంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. బండి 2021ది, టైరు 2018ది అయితే అడగాల్సిందే.

పరిచయమున్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి, ఆ రోజు కూలి ఇచ్చెయ్యాలి. అమ్మేవాళ్ల నుంచి కమీషన్ తీసుకునే మెకానిక్ చెప్పిన మాటకు విలువ లేదు.

భద్రత విషయంలో 2019ని గీతగా పెట్టుకోవచ్చు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్, జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు బండ్లలో కింది వేరియంట్లకు చాలావాటిలో ఇవి ఉండవు. పదివేలు ఎక్కువైనా పై వేరియంట్ చూసుకోవాలి. దీని మీద బేరం ఆడొద్దు.

డబ్బు దగ్గరికొస్తే, పాత కార్ల లోన్‌కు వడ్డీ కొత్త కార్ల కంటే ఎక్కువే ఉంటుంది. వడ్డీ జోలికే పోకూడదని చాలా కుటుంబాలు ఏళ్ల తరబడి కూడబెట్టి ఒకేసారి కొంటాయి. అలా కొనేవాళ్లు మొత్తం బండి మీదే పెట్టకూడదు. మూడు లక్షలుంటే బండికి రెండున్నర దాటకూడదు. మిగతా యాభై వేలు టైర్లకు, బ్యాటరీకి, సర్వీసుకు, ఇన్సూరెన్స్‌కు, ట్రాన్స్‌ఫర్‌కు. నాలుగు టైర్లకే పదిహేను, ఇరవై వేలవుతుంది. ఇంకో మాట, ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, తీసుకున్నవాళ్లకు జరిమానా పడుతుంది. నోట్ల కట్టలిచ్చి రసీదు లేకుండా తిరిగొచ్చే బదులు బ్యాంకు ద్వారా పంపితే రుజువూ ఉంటుంది.

ఢిల్లీ రిజిస్ట్రేషన్ బండి సగం ధరకే అంటే ఆగి లెక్క వేయాలి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఏళ్లుగా ఆంక్షలున్నాయి కాబట్టి దక్షిణాదికి చౌకగా వస్తుంటాయి. ఇక్కడికి తెచ్చాక ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ టాక్స్, మళ్లీ రిజిస్ట్రేషన్. ఆంధ్ర బండిని తెలంగాణకు తెచ్చుకున్నా, ఇటు బండిని అటు తీసుకెళ్లినా ఎన్‌వోసీ పని తప్పదు. పదిహేనేళ్లు నిండిన కారుకైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజే 2022 నుంచి ఐదు వేలైంది, ఫిట్‌నెస్ వేరే.

అడ్వాన్స్ ఇచ్చే ముందు పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి యజమాని, లోన్ వివరాలు చూడాలి, పెండింగ్ చలాన్లు విడిగా చూడాలి. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 లేకుండా రూపాయి కదపకూడదు. బండి పేరు మార్చడానికి ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు తీసుకోవాలి. "పేరు తర్వాత మార్చుకుందాంలే భాయ్" అన్న మాట దగ్గరే గొడవలు మొదలవుతాయి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. యాక్సిడెంట్ అయితే పాత యజమాని ఇరుక్కుంటాడు, ఇన్సూరెన్స్ పాత పేరు మీదే ఉంటే కొత్త యజమాని సొంత బండి రిపేరు క్లెయిమ్‌కు కంపెనీ అడ్డం చెప్పొచ్చు. ఇన్సూరెన్స్ మార్పుకు 14 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, బండితో రాదు. కాబట్టి ఆ తేడా ప్రీమియం ఎంతో ముందే అడిగి తెలుసుకుని, దాన్నీ ఆ యాభై వేలలోనే లెక్క వేసుకోవాలి.