థీసిస్ మొదలుపెట్టే ముందు...

"ఎం.సి.ఎ. అయిపోయింది. పీహెచ్‌డీకి సీటొచ్చింది. ఇంక కూర్చుని రాసేయడమే కదా!" అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. రెండేళ్ళు గడిచినా ఒక్క అధ్యాయమూ కనిపించకపోతే "ఇంకా ఎన్నాళ్ళమ్మా ఈ చదువు?" అని మొదలుపెడతారు. పాపం, ఆ అమ్మాయి మాత్రం ఏం చెబుతుంది? చదువుతూనే ఉంది, కంప్యూటరు ముందు కూర్చుంటూనే ఉంది. తను దేనికి జవాబు వెతుకుతోందో ఆమెకే ఇంకా తేలలేదు. అది తేలకుండా రాయడానికి ఏముంటుంది?

మా పాకాల నుంచి తిరుపతి రైల్లో నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అక్కడ 1954లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. ఆడపిల్లల కోసమే 1983లో వెలిసిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. 2015లో ఐఐటీ కూడా వచ్చింది. పెద్ద చదువు ఇంటికి ఇంత దగ్గరగా వచ్చింది. సీటు ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. సీటొచ్చాక కంప్యూటర్ విషయాల్లో థీసిస్‌కి ఎలా తయారవ్వాలో చెప్పేవాళ్ళే తక్కువ.

విషయం వేరు, ప్రశ్న వేరు

"ఏం టాపిక్కమ్మా?" అని అడిగితే చాలామంది అమ్మాయిలు "మెషిన్ లెర్నింగ్" అనో, "సైబర్ సెక్యూరిటీ" అనో చెబుతారు. అవి విషయాలు. "ఈ రోజు ఏం చేస్తున్నారు?" అంటే "వంట" అని చెప్పినట్టు! ఎంతమందికి, ఏ కూర, ఇంట్లో ఏ సరుకులున్నాయి అన్నది తేలితే గానీ పొయ్యి వెలిగించలేం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఫోనుతో తెలుగులో మాట్లాడితే అది విని అక్షరాల్లో రాసిపెడుతుంది. ఇది విషయం. కానీ మా చిత్తూరు వైపు "పోతా ఉండాను" అంటాం, "యాడుండావు?" అంటాం, మధ్యలో ఓ తమిళ మాటా దొర్లుతుంది. ఈ మాటలు ఆ ఫోను ఎంతవరకు సరిగ్గా రాస్తుంది? ఇప్పుడు కొంచెం ప్రశ్నలా ఉంది. ఇంకా చిన్నది చేద్దాం. దామలచెరువు మామిడి మండీలో, ఆ గోల మధ్యలో, ఓ రైతు "తోతాపురి ధర ఎంత?" అని ఫోన్ని అడిగితే వంద మాటల్లో ఎన్ని తప్పుగా రాస్తుంది? ఆ తప్పులు యాస వల్లా, గోల వల్లా? యాస మాటలు నేర్పితే తప్పులు ఎన్ని తగ్గుతాయి?

ఇదీ థీసిస్‌కి పనికొచ్చే ప్రశ్న. లెక్కపెట్టి జవాబు చెప్పొచ్చు. జవాబు "పెద్దగా తగ్గలేదు" అని వచ్చినా, ఎందుకు తగ్గలేదో చూపించగలిగితే అదీ ఫలితమే.

ప్రశ్న దొరికిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. కంప్యూటరు తెలియని మనిషికి రెండు వాక్యాల్లో చెప్పి చూడాలి. ఇరవై వాక్యాలు పట్టాయంటే ఇంకా దొరకలేదన్నమాటే.

ముందు నడిచిన వాళ్ళెవరు?

"ఈ పని ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు" అని రాసేముందు వెతకాలి. మన దేశంలో సమర్పించిన థీసిస్‌లు లక్షల్లో 'శోధ్‌గంగ' అనే భాండాగారంలో ఉన్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దాన్ని నడుపుతోంది. ఎవరైనా ఉచితంగా తెరిచి చదవొచ్చు. తన విషయానికి దగ్గరగా ఉన్న నాలుగు థీసిస్‌లు తీసి, ముందు విషయసూచికలే చదివితే చాలు, అధ్యాయాలు ఎలా పేర్చాలో అర్థమవుతుంది.

ఖరీదైన విదేశీ పత్రికల సంగతీ ఇప్పుడు మారింది. 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులు దాదాపు 13,000 పత్రికలు చదువుకోవచ్చు. మీ అమ్మాయి చదివే చోట ఆ సౌకర్యం ఉందేమో లైబ్రరీలో అడగమనండి.

మన మండీ ప్రశ్ననే తీసుకోండి. వెతికితే మద్రాసు ఐఐటీలోని 'ఏఐ ఫర్ భారత్' బృందం 2024లో తెలుగుతో సహా 22 భాషల గొంతులు సేకరించి అందరికీ ఇచ్చిందని తెలుస్తుంది. అప్పుడు "తెలుగు గొంతులే లేవు" అని రాయలేం. "ఉన్న గొంతులతో నేర్చుకున్న యంత్రం మా మండీలో ఎలా పనిచేస్తుంది?" అని అడగాలి. వెతికినకొద్దీ ప్రశ్న ఇలా సానబడుతుంది.

చదివిన ప్రతి వ్యాసానికీ నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకోవాలి: వీళ్ళు అడిగిందేమిటి, ఎలా చేశారు, ఏం తేలింది, ఏం వదిలేశారు? ఆ నాలుగో ముక్క దగ్గరే మన చోటు దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. ఇప్పుడు అడిగితే వ్యాసాలే రాసిపెట్టే కృత్రిమ మేధ యంత్రాలు వచ్చాయి. అవి లేని పుస్తకాల పేర్లు, లేని రచయితల పేర్లు కూడా నమ్మకంగా చెప్పేస్తాయి. స్వయంగా తెరిచి చదవని వ్యాసం పేరు థీసిస్‌లో కనబడకూడదు.

గొంతు ఇచ్చినవాళ్ళ అనుమతి

మనుషుల మాటలో, ఫొటోలో, వివరాలో సేకరించేటప్పుడు ఎందుకు తీసుకుంటున్నామో వాళ్ళకు తెలుగులో చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకోవాలి. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. "మన ఊరి వాళ్ళే కదా" అని దాటెయ్యకూడదు. మన ఊరి వాళ్ళు కాబట్టే మరింత జాగ్రత్త అవసరం.

ఇంకో సంగతి. యంత్రానికి నేర్పడానికి వాడిన గొంతులతోనే దానికి పరీక్ష పెట్టకూడదు. ప్రశ్నపత్రం ముందే చూసిన పిల్లకు నూటికి నూరొస్తే ఏం గొప్ప? పరీక్షకు వాడేవి మొదటి రోజే వేరుగా తీసి పక్కన పెట్టాలి. చేసిన పనికి కనీసం మూడు కాపీలుండాలి. అందులో ఒకటి ఇంట్లో కాకుండా వేరే చోట ఉండాలి.

రోజూ ఒక పేజీ

"అన్ని ప్రయోగాలూ అయ్యాక రాస్తాను" అనేవాళ్ళకి ఆ రోజు ఎప్పటికీ రాదు. ప్రయోగం చేసిన రోజే, ఏం చేశాను, ఏం వచ్చింది, ఎందుకలా వచ్చిందనుకుంటున్నాను అని ఓ పేజీ రాసి తేదీ వెయ్యాలి. పాలవాడి లెక్క రోజూ క్యాలెండరు మీద వేస్తే నెలాఖరుకి తగువుండదు కదా, ఇదీ అంతే. ఇంట్లో పనుల మధ్య కథలు రాసుకునేదాన్ని కాబట్టి చెబుతున్నాను, నాలుగు గంటల తీరిక కోసం చూస్తే దొరకదు. అందరూ లేవకముందు దొరికే అరగంటలోనే పేజీ అవుతుంది.

ఇతరుల వాక్యాలు ఎత్తి రాసుకుంటే పట్టుబడతారు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే థీసిస్ సవరించి ఆరు నెలల్లోగా మళ్ళీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది దాకా ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

పెళ్ళయితే మానెయ్యాలా?

మధ్యలో ఆగిపోయే ఆడపిల్లలకు చాలాసార్లు చదువు కష్టం కాదు. పెళ్ళి, కాన్పు, ఊరు మారడం, వీటితో ఆగిపోతారు. అందుకే 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు ప్రతి ఇంట్లో తెలియాలి.

* పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్ళు, మామూలుగా గరిష్ఠం 6 ఏళ్ళు. మళ్ళీ రిజిస్టరు చేయించుకుంటే ఇంకో 2 ఏళ్ళ దాకా, స్త్రీలకు అదనంగా మరో 2 ఏళ్ళ దాకా సడలింపు ఇవ్వొచ్చు. మొత్తం 10 ఏళ్ళు దాటకూడదు.

* ప్రసూతికి, పిల్లల సంరక్షణకు మొత్తం చదువు కాలంలో 240 రోజుల దాకా సెలవు ఇవ్వొచ్చు.

* పెళ్ళి వల్లనో, మరో కారణం వల్లనో వేరే ఊరు వెళ్ళాల్సి వస్తే, అప్పటివరకు చేసిన పరిశోధనను కొత్త ఊరి విశ్వవిద్యాలయానికి మార్చుకోవచ్చు. అయితే ఆ పని, పాత చోటికి గానీ గైడుకు గానీ వేరే సంస్థ డబ్బిచ్చి మంజూరు చేసిన ప్రాజెక్టులోది కాకూడదు. పాత సంస్థకూ, గైడుకూ దక్కాల్సిన పేరు దక్కించాలి.

ఇవి అడిగితేనే దక్కుతాయి. రాతపూర్వకంగా, గడువులోపు అడగాలి. సంబంధాలు చూసేటప్పుడు కట్నకానుకల మాటలు గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. "అమ్మాయి థీసిస్ పూర్తి చేసుకుంటుంది, ఆ ఊళ్ళో ఏ విశ్వవిద్యాలయం ఉంది?" అని కూడా ఆ రోజే అడిగితే తప్పేముంది?

వయసు మించిపోయిందనుకునే వాళ్ళకో మాట. కంప్యూటర్ సైన్స్‌లో అమెరికాలో మొట్టమొదట డాక్టరేట్ అందుకున్న ఇద్దరిలో ఒకరు మేరీ కెనెత్ కెల్లర్. ఆమె ఒక క్రైస్తవ సన్యాసిని. అది 1965వ సంవత్సరం. అప్పటికి ఆమెకు 51 ఏళ్ళు!

మీ ఇంట్లో పరిశోధన చేస్తున్న అమ్మాయి గానీ, కోడలు గానీ ఉంటే "ఎప్పుడవుతుంది?" అని అడగకండి. "నువ్వు వెతుకుతున్న ప్రశ్నేంటమ్మా? నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అని అడిగి, కాసేపు కూర్చుని వినండి. మీకు అర్థమయ్యేట్టు చెప్పగలిగిన రోజు, ఆమె థీసిస్‌కి మొదటి పేజీ తయారైనట్టే.