నిప్పునకు నీటికి నడుమ

నెల్లూరు సీమలో గూడూరు పేరు చెప్పినంతనే నిమ్మకాయలు, అభ్రకము జ్ఞప్తికి వచ్చును. చెన్నై నుండి కోల్‌కతాకు పోవు రహదారియు, రైలుమార్గమును ఈ ఊరి మీదుగనే సాగుచున్నవి. రేణిగుంటకు పోవు రైలుదారి ఇచ్చటనే చీలును. ఇట్టి కూడలిలో బండ్లను బాగుచేయు షెడ్లకు కొదువ యుండదు. వైశాఖమాసపు ఎండలో, నెల్లూరు పోవుచున్న పాత అంబాసిడరు కారొకటి ముందుభాగమున ఆవిరి చిమ్ముచు అట్టి షెడ్డు ముంగిట ఆగినదనుకొనుడు.

వెంటనే రేడియేటరు మూత తెరచి చన్నీళ్లు పోయవలెనని అందరికిని తోచును. పనికుర్రవాడును చెంబుతో పరుగెత్తుకొని వచ్చును. కాని మేస్త్రీ వానిని వారించును.

“అబ్బయా, మూత ముట్టుకోవద్దు! ముందు ఇంజను చల్లారనీ.”

ఆ మాటకు కారణము కలదు. బిగించిన మూత క్రింద నీరు ఒత్తిడికి లోనై యుండుటచే నూరు డిగ్రీలు దాటినను మరగక నిలిచియుండును. మూత తీసినంతనే ఒత్తిడి తగ్గి, ఆ నీరు ఒక్కుమ్మడి మరగి ముఖముపై చిమ్మును. అంతియకాక, మిక్కిలి కాగిన పోతయినుముపై చన్నీళ్లు పడినచో అది బీటవారును. కావున రెండు మూడు గంటలు ఊరకుండుటయే ఈ మరమ్మతులో మొదటి పని.

అంబాసిడరు కార్లను కోల్‌కతా సమీపమున నున్న ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్సు వారు 2014 వరకు తయారుచేసిరి. ఈ కార్లలో చాలకాలము వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లు వరుసగా నుండును. వానిపై ఇంచుమించు మూరెడు పొడవుగల పోతయినుప దిమ్మె మూతవలె బిగింపబడి యుండును. ఇదియే సిలిండరు హెడ్డు. మూత యన్నంత మాత్రమున దీనిని బిందెమూతతో పోల్చరాదు. 1876లో జర్మనీ దేశీయుడైన నికొలాస్ ఆటో నడిపిచూపిన నాలుగంచెల పద్ధతియే దీనికిని ఆధారము: పెట్రోలు కలిసిన గాలిని పీల్చుట, నొక్కుట, మండించుట, పొగను వెడలగొట్టుట. మంట రెండువేల డిగ్రీలు దాటును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరులో సెకండునకు 25 మారులు మంట లేచును. ఆ మంటకు మిక్కిలి చేరువనే, హెడ్డు లోపలి కాలువలలో చల్లార్చు నీరు పారుచుండును. వేరొక దారిని నూనె పోవును. ఈ మూడును ఒకదానినొకటి అంటరాదు. హెడ్డునకును క్రింది దిమ్మెకును నడుమ నుంచు గాస్కెట్టు అను పలుచని పలక వానిని వేరుపరచును.

ఆ పలక కాలినచో నీరు సిలిండరులో చేరి పొగగొట్టమున తెల్లని ఆవిరియై వెడలును. మండిన వాయువు నీటిలో చేరి రేడియేటరులో బుడగలు లేపును. నీరు నూనెలో కలిసినచో నూనె మజ్జిగ వలె తెల్లబారును. అట్టి నూనె బేరింగులను కాపాడజాలదు. అట్లే నడిపినచో ఇంజనంతయు చెడును.

ఇంజను చల్లారిన పిమ్మట బ్యాటరీ తీగను విడదీసి, నీటిని దించి, కార్బ్యురేటరును, పొగగొట్టమును, స్పార్కు ప్లగ్గులను తీయుదురు. తొలినాళ్ల ప్లగ్గులు కొన్నిటిలో, ముఖ్యముగా విమానపు ఇంజనులలో, విద్యుత్తు ప్రక్కదారి పట్టకుండ అభ్రకమును వాడెడివారు. వేడికి చెడని ఆ రేకులు గూడూరు పరిసరముల వారికి చిరపరిచితములే. నేటి ప్లగ్గులలో పింగాణి వచ్చి చేరినది.

హెడ్డు నట్లను ఒక్కసారి విప్పరాదు. ఒక ప్రక్క వదులై మరొక ప్రక్క బిగువుగ నున్నచో దిమ్మె వంగును. అంచుల నుండి నడిమికి, కొంచెము కొంచెముగ వదలింతురు. కవాటములను, అనగా వాల్వులను, తెరచు ఎనిమిది పుష్‌రాడ్లను తీసి, ఎనిమిది రంధ్రములు చేసిన అట్టముక్కలో వరుసగ గ్రుచ్చి యుంచుదురు. ఏండ్ల తరబడి రాపిడిచే ప్రతి కడ్డీయు తన జతకు సరిపడునట్లు అరిగియుండును. తారుమారైనచో క్రొత్త రాపిడి మొదలగును. హెడ్డు అంటుకొని ఊడిరానిచో నడుమ స్క్రూడ్రైవరు దూర్చి పెకలించుట తొందరపాటువారి పని. దానివలన పడు గీత గుండనే రేపు నీరు కారును. కొయ్యసుత్తితో ప్రక్కల మెల్లగ తట్టిన చాలును.

తరువాత పరీక్ష. మసిని గీకి, తుడిచి, హెడ్డు అడుగుభాగముపై సరళరేఖవంటి ఉక్కుబద్దను నిలువుగ, అడ్డముగ, మూల నుండి మూలకు ఆనించి, దాని క్రింద ఫీలరు గేజి రేకులను దూర్చి చూతురు. అంగుళములో వేయింట కొన్ని వంతులు వంగినను గాస్కెట్టు నిలువదు. వంగినదానిని యంత్రముపై చదును చేయింపవచ్చును గాని, అరగదీసినకొలది మంట గది చిన్నదగును, నొక్కుడు హెచ్చును. దానికొక హద్దు కలదు. బీటలను పట్టుటకు పల్లెటూరి షెడ్లలోను సాగు ఉపాయమొకటి కలదు. కిరసనాయిలు రాచి, పొడిగ తుడిచి, సుద్ద పూయుదురు. బీటలో దాగిన నూనె మెల్లగ పైకి ఊరి తెల్లని సుద్దపై నల్లని గీతగ కనబడును. మేస్త్రీ ఎదురుచూచునది ఈ గీత కొరకే. అది రెండు కవాటముల నడుమ కనబడినచో తరచుగ హెడ్డు మార్చవలసి వచ్చును.

బీట లేనిచో కవాటములను నూరుట మొదలగును. గరుకు పేస్టు రాచి, పిడికొయ్యను కవాటమునకు అంటించి, అరచేతుల నడుమ కవ్వము వలె ఇటునటు త్రిప్పుదురు. కవాటము అంచున బూడిదరంగు వలయము తెగకుండ ఏర్పడువరకు విడువరు. మంటలో కాగిన కవాటము మూసికొనినప్పుడే తన వేడిని హెడ్డునకు అప్పగింపగలదు. సరిగ మూసికొననిది త్వరలో కాలిపోవును. పిదప పేస్టును రవ్వంతయు మిగులకుండ కడిగివేయవలెను.

పాత గాస్కెట్టును మరల వాడరాదు. వెనుకటివానిలో రాగిరేకుల నడుమ ఆస్బెస్టాసు ఉండెడిది. దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు గనుక పొడిగ గీకకుండ తడిపి తీయవలెను. క్రొత్తదానిని రంధ్రములు సరిచూచి పరచి, హెడ్డు దింపి, ఈ మారు నడిమి నట్టు నుండి వెలుపలికి, రెండు మూడు విడతలుగ, ఎంత బలముతో బిగించినదియు తెలుపు టార్కు రెంచితో బిగింతురు. పుస్తకమునకు అట్ట అంటించునప్పుడు కాగితమును నడుమ నుండి అంచులకు అదుముదురు కదా! ఇదియు అట్టిదే.

ఇక కవాటమునకును దానిని నొక్కు రాకరునకును నడుమ సందు. వేడికి లోహము పెరుగును గనుక అంగుళములో నూరవ వంతుకు అటునిటుగ ఖాళీ ఉంచవలెను. సందు చాలనిచో కవాటము మూసికొనదు. మించినచో టకటక శబ్దమగును. ఈ ఇంజనులో దీనికొక చక్కని లెక్క కలదు. ఎనిమిదవ కవాటము పూర్తిగ తెరచియున్నప్పుడు మొదటిదానిని, ఏడవది తెరచియున్నప్పుడు రెండవదానిని సరిచేయవలెను. ఎప్పుడును కూడిక తొమ్మిదే. పనికుర్రవాండ్రు దీనిని ఎక్కముకంటె త్వరగ నేర్తురు.

నీరు పోసి ఇంజను నడిపినంతనే పని ముగియలేదు. ఎందుచేత వేడెక్కినది? ఫ్యాను బెల్టు వదులా, రేడియేటరు గొట్టములలో పాచి పేరుకొన్నదా, నీటిని త్రోయు పంపు చెడినదా యని వెదకనిచో ఆ కారే మరల ఆవిరి చిమ్ముచు ఆ షెడ్డునకే వచ్చును. ఇది చూడక పంపించిన మేస్త్రీ కూలి దండుగ, కారువాని డబ్బును దండుగ. గొట్టము దొరకినది, మార్చినారు, రేడియేటరులో బుడగలు లేవు. అంతట కారు నెల్లూరు దారి పట్టును. పాత తీరు గాస్కెట్టు వేడికి కొంత అణగును గనుక, కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిమ్మట తిరిగి వచ్చి నట్లను, సందులను మరియొకమారు చూపించుకొని పొమ్మని చెప్పి మేస్త్రీ చేతులు కడుగుకొనును.