ఉల్కలు రాలే రాత్రి ఉపగ్రహాల సంగతేమిటి?

ఆగస్టు రెండో వారంలో మబ్బు లేని రాత్రి హాస్టల్ డాబా మీద పడుకుంటే చుక్కలు రాలడం కనిపిస్తుంది. నిజానికి రాలేవి చుక్కలు కావు. స్విఫ్ట్-టటిల్ అనే తోకచుక్క తన దారిలో వదిలిన ధూళి గుండా భూమి ఏటా ఆ రోజుల్లో వెళుతుంది. ఆ రేణువులు మన వాతావరణంలో మండిపోతాయి. దీన్నే పర్సీడ్ ఉల్కాపాతం అంటారు. మనకు గాలి అడ్డుగా ఉంది. మరి 36 వేల కిలోమీటర్ల ఎత్తున, గాలే లేనిచోట తిరిగే ఉపగ్రహాలకు అడ్డేది?

పర్సీడ్ రేణువు వేగం సెకనుకు సుమారు 59 కిలోమీటర్లు. తొమ్మిదో తరగతి గతిజశక్తి సూత్రం గుర్తుంది కదా! ద్రవ్యరాశిలో సగాన్ని వేగవర్గంతో గుణించండి. ఒక్క మిల్లీగ్రాము, అంటే ఇసుక రేణువంతది, దాదాపు 1,740 జౌళ్ల శక్తితో తగులుతుంది. మూడంతస్తుల మేడ మీది నుంచి 18 కిలోల బండరాయి పడినంత దెబ్బ!

అయితే చిల్లు పడటం కన్నా కరెంటుకే ఎక్కువ భయపడాలి. ఆ వేగంలో రేణువూ, అది తాకిన లోహమూ ఆవిరై, విద్యుదావేశం గల వాయువుగా మారతాయి. ఇదే ప్లాస్మా. ఉపగ్రహం పైభాగంలో ముందే విద్యుత్తు పోగుపడి ఉంటే, ప్లాస్మా దానికి దారి చూపుతుంది. నిప్పురవ్వ పుట్టి లోపలి సర్క్యూట్లను దెబ్బతీస్తుంది.

యూరప్ అంతరిక్ష సంస్థ 1989లో పంపిన ఒలింపస్ ఉపగ్రహానికి ఇలాగే జరిగి ఉంటుందని నిపుణుల అనుమానం. అది టీవీ ప్రసారాలతోపాటు దూరవిద్య పాఠాలను కూడా అందించేది. టీ-సాట్ పాఠాలు విన్న మనకు ఆ విలువ వేరే చెప్పాలా! 1991లో ఒలింపస్ ఒకసారి అదుపు తప్పి తన స్థానం నుంచి కొట్టుకుపోయింది. రెండు నెలలకు పైగా శ్రమించి దారికి తెచ్చారు గాని, ఇంధనం బాగా ఖర్చయింది. 1993 ఆగస్టు 11 రాత్రి, పర్సీడ్‌లు ముమ్మరంగా ఉన్నవేళ, దిశను నిలిపే జైరోస్కోప్ ఆగిపోయింది. ఉపగ్రహం గిరగిరా తిరిగింది. దాన్ని నిలపడంలో మిగిలిన ఇంధనమూ దాదాపు అయిపోయింది. అంతటితో దాని సేవలు ముగిశాయి. దెబ్బ చిన్నదే కావచ్చు, తేరుకునే శక్తి లేకపోయింది. అదే ఆగస్టులో అమెరికా మాత్రం ఈ ఉల్కలకు జంకి డిస్కవరీ షటిల్ ప్రయోగాన్ని వాయిదా వేసుకుంది.

మరి కాపాడుకోవడం ఎలా? ఒక ఉల్కాపాతంలోని రేణువులన్నీ ఒకే దిక్కు నుంచి వస్తాయి. జడివానలో గొడుగు వంచినట్టు ఉపగ్రహాన్ని తిప్పుకోవచ్చు. వెడల్పాటి సౌరఫలకాలను అంచు అటువైపు ఉండేలా తిప్పుతారు. అప్పుడు ఎండ తగ్గి కరెంటు తగ్గుతుంది కనుక, ఆ కొద్ది గంటలూ బ్యాటరీతో నడపాలి. అవసరం లేని పరికరాలను, ముఖ్యంగా అధిక వోల్టేజి వాటిని, ఆపేస్తారు. కక్ష్య మార్చే పనులు వాయిదా వేస్తారు. భూమి మీది కేంద్రంలో అదనపు సిబ్బంది, అదుపు తప్పితే పంపాల్సిన ఆదేశాలతో సిద్ధంగా ఉంటారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 1998 నవంబరులో లియోనిడ్ ఉల్కలు వచ్చినప్పుడు హబుల్ టెలిస్కోపును వాటికి వీపు చూపేలా తిప్పి ఉంచారు.

దీనికంతటికీ వేళ తెలియాలి. ఆ ఏడాది పెద్ద పెద్ద లియోనిడ్‌లు అంచనా కన్నా అరరోజుకు పైగా ముందే వచ్చేశాయి! తోకచుక్క ఏ ఏట వదిలిన ధూళి ఇప్పుడెక్కడ ఉందో విడివిడిగా లెక్కకట్టిన మెక్‌నాట్, ఆషర్‌లు 1999 ఉల్కల తుఫాను వేళను నిమిషాల తేడాతో చెప్పగలిగారు.

ఒక్క చిక్కుంది. ఏ గుంపుకూ చెందని ఒంటరి రేణువులు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. మొత్తం మీద ఉపగ్రహాలకు వీటి ముప్పే ఎక్కువ. వీటికి తేదీ లేదు, దిక్కు లేదు. అందుకే ఉపగ్రహాన్ని తయారుచేసేటప్పుడే విద్యుత్తు ఒకచోట పోగుపడకుండా పైభాగాలన్నిటినీ కలిపి, ఒకటి పోయినా ఇంకొకటి పనిచేసేలా అదనపు జైరోస్కోపులు పెడతారు.