ముసలిపెట్టకు సుస్తీ

మా మైలపెట్టకు తొమ్మిదేళ్లు. గుడ్డు పెట్టడం మానేసి మూడేళ్లయింది. అందుకే, మొన్న చలికాలంలో అది మేత ముట్టక రెక్కలు వేలేసుకుని మూల కూచుంటే, పక్కింటి అత్తయ్యగారు "ఇంకా యెందుకు వదినా దాని యాతన? కోయించెయ్యరాదూ!" అన్నారు. మా అమ్మ ఆవిడతో రెండ్రోజులు మాట్లాడలేదు.

కొక్కెర రోగమేమోనని ముందు హడలిపోయాం. రాణిఖేత్ వూరి పేరుతో పుస్తకాల కెక్కిన ఆ జబ్బు సోకితే దొడ్లకు దొడ్లే ఖాళీ అవుతాయి. పశువుల డాక్టరుగారు మెడకింద తడిమి చూసి, "అది కాదు. మేతసంచిలో పీచు వుండకట్టింది" అన్నారు. సాయంత్రం నిండిన సంచి తెల్లారేసరికి ఖాళీ కావాలి. దీనిది రాయిలా వుంది. "వయసు మళ్లింది, చెప్పలేను" అని కూడా అన్నారాయన.

మేత బందు. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల కొబ్బరినూనె ముక్కు పక్కనించి వొక్కొక్క బొట్టే వెయ్యాలి. కోడికి గాలిగొట్టం నాలుక వెనకే వుంటుంది. గొంతులో గుమ్మరిస్తే వూపిరితిత్తుల్లోకే పోతాయి. తరవాత వేళ్ల కొసలతో సంచిని మెల్లగా పిసకాలి. కోడి వొంటి వేడి మామూలుగానే 106 డిగ్రీలకు అటూ యిటూ. నీరసిస్తే ఆ వేడి నిలవదు. గంపలో పాత దుప్పటి పరిచి, పైన బల్బు వేలాడగట్టాం. "కోడికి నర్సులా!" అని నవ్విన నాన్నగారే రాత్రి రెండింటికి లేచి బల్బు చూసేవారు.

నాలుగోనాటి పొద్దున సంచి మెత్తగా చేతికి జారింది. నానిన నూకలు నాలుగు తిని, నా వేలు కూడా పొడిచింది!

ఆ సాయంత్రం అత్తయ్యగారు దోసెడు నూకలు తెచ్చి, మాట్లాడకుండా గంపదగ్గర పోసి వెళ్లారు.