అడగని రొట్టెముక్క

శ్రావణమాసము వచ్చినదనగా శంషాబాదు విమానాశ్రయము ముంగిట ఒక దృశ్యము తప్పక కనబడును. పై చదువునకు పరదేశము పోవు కుఱ్ఱవాడో, ఆడపిల్లయో నడుమ నిలిచియుండును, చుట్టును బంధుజనము. పెట్టె బరువు మించినదని తెలియును. ఆవకాయ డబ్బా తీయవలెనా, పుస్తకములు తీయవలెనా యని తర్జనభర్జన జరుగును. తఱచుగా పుస్తకములే ఓడిపోవును. ఆ తల్లులను చూచి నవ్వువారు కలరు. నేను నవ్వను. పరదేశములో మొదటి నెల గడచుట చదువు చేతిలో లేదు, కడుపు చేతిలో నున్నదని ఆ తల్లులకు ఎవరును చెప్పకయే తెలియును.

ఈ మాటకు సాక్ష్యముగా ఒక విద్యార్థి కథ చెప్పెదను. 1888వ సంవత్సరములో బొంబాయి నుండి లండనుకు పోయిన ఆ కుఱ్ఱవాని పేరు మోహనదాసు కరంచంద్ గాంధీ. అప్పటికి ఆయన మహాత్ముడు కాడు, బాపు కాడు. నలుగురిలో నోరు విప్పలేని వట్టి సిగ్గరి. కనుక ఇక్కడ మోహనదాసు అనియే పిలుచుచున్నాను. పాఠకులు మన్నింతురు గాక.

భావనగరములోని సామలదాసు కళాశాలలో ఒక్క టర్ము చదివి, పాఠములు తలకెక్కక, అతడు ఇల్లు చేరెను. తండ్రి అప్పటికే గతించెను. కుటుంబమునకు మిత్రుడైన మావ్జీ దవే అను బ్రాహ్మణుడు, బి. ఏ. కొఱకు నాలుగైదేండ్లు కాచుకొని అరువది రూపాయల కొలువు సంపాదించుటకంటె, మూడేండ్లలో బారిస్టరై తిరిగి వచ్చుట మేలని సలహా చెప్పెను. ఆ మాటతో మోహనదాసునకు నిద్ర పట్టలేదు. ఖర్చు నాలుగైదు వేల రూపాయలని అంచనా. భార్య నగలు అమ్మినచో రెండు మూడు వేలు రావచ్చునని అతడే సూచించెను. (ఆ నగల యజమానురాలిని ఎవరైన అడిగిరో లేదో, ఆత్మకథలో కానరాదు.)

పోరుబందరు సంస్థానమును పాలించుచుండిన లీలీ దొరను సాయమడుగవలెనని తోచినది. ధోరాజీ వఱకు ఎద్దుబండి, అక్కడ నుండి ఒంటె. అతడు ఒంటె నెక్కుట అదియే మొదలు. దొరతో చెప్పవలసిన వాక్యములను ముందుగనే వల్లించుకొని, రెండు చేతులను ఎత్తి వంగి సలాము చేసెను. దొర మేడ మెట్లెక్కుచునే, మొదట బి. ఏ. ముగించి రమ్మనియు, ఇప్పుడు సాయమేమియు లేదనియు చెప్పి పైకి పోయెను. అతడు చేసిన యాచనకు దొరికిన ఫలమది. అడుగుట యనిన అతనికి కలిగిన బెదరు ఇక్కడనే మొదలైనదేమో యని నా యూహ.

తల్లి పుత్లీబాయి ఒప్పుకొనుటకు జంకెను. సీమకు పోయినవారు మాంసము తిందురని, మద్యము త్రాగుదురని ఆమె విని యుండెను. బేచర్జీ స్వామి యను జైన సాధువు ఎదుట మద్యమును, స్త్రీని, మాంసమును ముట్టనని కుమారుడు ప్రమాణము చేసిన పిదప గాని ఆమె సెలవీయలేదు. రాజకోటలోని ఉన్నత పాఠశాలవారు వీడుకోలు సభ చేసిరి. బదులు చెప్పుటకు నాలుగు మాటలు వ్రాసికొని పోయియు, నిలుచున్నంతనే తల తిరిగి, ఒడలు వణకి, వానిని చదువుటయే గగనమైనది.

బొంబాయిలో కులపెద్దలు అడ్డు తగిలిరి. సముద్రము దాటుట ధర్మవిరుద్ధమని సభ చేసి, అతనిని వెలివేసిరి. సాయము చేసినవారికిని, రేవునకు పోయి సాగనంపినవారికిని రూపాయి నాలుగణాలు జరిమానా విధించిరి. ప్రయాణపు సొమ్ము బావగారి కడ దాచియుండగా, ఆయన కులమునకు వెఱచి ఈయనన్నాడు. వేఱొక మిత్రుని కడ అప్పు చేసి టిక్కెట్టును, దుస్తులను కొనవలసి వచ్చెను. ఇంత రభస నడుమ సెప్టెంబరు 4వ తేదీన ఓడ కదలెను.

ఓడలో ఎఱిగిన ముఖము జునాగఢ్ వకీలు మజుందార్ ఒక్కడే. మిగిలినవారందఱు ఆంగ్లేయులు. ఒక్కొక్క వాక్యమును మనస్సులో కూర్చుకొని గాని మోహనదాసు పలుకలేడు; ఆ కూర్పు ముగియునప్పటికి ఎదుటివాడు లేచి పోవును. కత్తియు, ముళ్ళచెంచాయు పట్టుట రాదు. ఏ వంటకములో మాంసము కలదో, ఏ వంటకములో లేదో వడ్డించువానిని అడుగుటకు ధైర్యము చాలలేదు. కనుక భోజనశాల ముఖమైనను చూడక, ఇంటి నుండి తెచ్చుకొన్న మిఠాయిలతోను, పండ్లతోను తన గదిలోనే కాలము గడపెను. శంషాబాదు తల్లుల ఆవకాయ డబ్బాకు ఇంతకంటె మంచి సమర్థన నాకు దొరకలేదు.

సెప్టెంబరు 29, శనివారము నాడు ఓడ దిగెను. దిగునప్పుడు తొడుగుటకని ప్రత్యేకముగా దాచుకొన్న తెల్ల ఫ్లానెలు దుస్తులు ధరించెను. ఆ శరత్కాలపు చలిలో తెల్లదుస్తులవాడు తానొక్కడే! పెట్టెలును, తాళములును ఏజెంటు చేతికి పోయినవి; మఱునాడు ఆదివారము, సోమవారము వఱకు అవి రావు. సిగ్గుతో చచ్చిపోయెను. ఆ సాయంకాలము డాక్టరు ప్రాణజీవన్ మెహతా హోటలుకు చూడవచ్చెను. ఆయన పట్టుటోపీ నున్నదనమునకు ముచ్చటపడి మోహనదాసు దానిని ఎదురుగా నిమిరెను; నూగు చెదరిపోయెను. మెహతా అక్కడికక్కడే తొలి పాఠము చెప్పెను. ఇతరుల వస్తువులు ముట్టరాదు, బిగ్గఱగా మాటలాడరాదు, మన దేశములోవలె తొలి పరిచయముననే ప్రశ్నలు వేయరాదు. అసలే అడుగనేరని వానికి అడుగరాదని పాఠము!

హోటలులో మూడు పౌనులు చెల్లించియు అతడు పస్తులే యుండెను. ఒక వంటకము నచ్చక వేఱొకటి తెప్పించిన రెంటికిని సొమ్ము కట్టవలెను. ఓడలో ఉప్పునీట సబ్బుతో స్నానము చేసినందున తామర పట్టినది. దానికి డాక్టరు ఇచ్చిన అసెటిక్ ఆమ్లము మంటకు కన్నీళ్ళు వచ్చినవి. దిగిన నాలుగవ నాడు, అక్టోబరు 2న, పందొమ్మిదేండ్లు నిండినవి. రాత్రులు తల్లి తలపునకు వచ్చి ఏడ్చుచుండెను. ఉత్తరము పోయి, బదులు వచ్చుటకు నెల దాటు కాలమది. అయినను నేటి స్థితి మిక్కిలి భిన్నమని నేననుకొనను. నేడు తెరమీద తల్లి ముఖము కనబడుచునే యుండును. తింటివా యని ఆమె అడుగును. తింటినని బిడ్డ చెప్పును.

పిమ్మట రిచ్‌మండులో ఒక మిత్రుని యింట నెల దినములుండెను. ఉదయము ఓట్ల జావ. మధ్యాహ్నమును, రాత్రియు ఆకుకూర, రొట్టె, జాము. ఉప్పుకారములు లేని ఉడుకుకూర. రెండు మూడు ముక్కలకు మించి రొట్టె తీసికొనుట మర్యాద కాదని సిగ్గు. మాంసము తినుమని మిత్రుడు వాదించెను; బెంథాము గ్రంథము చదివి వినిపించెను; చదువురాని తల్లి ఎదుట చేసిన ప్రమాణమునకు విలువ యేమని నిలదీసెను. మోహనదాసు వాదింపలేదు, మాఱలేదు. ఆ తల్లిని అతడు మరల చూడలేదు. 1891లో స్వదేశము చేరిన పిదప గాని ఆమె మరణవార్తను అన్నగారు తెలుపలేదు.

తరువాత వెస్ట్ కెన్సింగ్టనులో ఒక విధవరాలి యింట బస. ఎదుట పెట్టినదానికంటె అధికముగా అడుగలేడు. ఆమె కుమార్తెలిద్దఱును బలవంతపెట్టి మఱి ఒకటి రెండు ముక్కలు వడ్డించెడివారు. నిండు రొట్టె యొకటి యున్న గాని తన కడుపు నిండదని వారికి తెలియదని, 1925లో ఆత్మకథను ప్రకటింప మొదలిడిన గాంధీగారు అందులో వ్రాసికొనిరి. సామ్రాజ్యముతో పోరాడుచున్న మనుష్యుడు, ఏబదియేండ్లు దాటిన పిదప, ఆ రొట్టెముక్కల లెక్కను మఱచిపోలేదు!

ఇట్టి మౌనము ఒక్కనిది కాదు. 1914లో కేంబ్రిడ్జి చేరిన శ్రీనివాస రామానుజన్ సంగతి ప్రశాంతచంద్ర మహలనోబిస్ చెప్పియున్నారు. పరుపు క్రిందికి మడిచి బిగించిన కంబళ్ళ నడుమ దూరి పడుకొనవలెనని తెలియక, రామానుజన్ వానిపైననే ఓవరుకోటు తొడిగి, శాలువా కప్పుకొని చలిలో వణకుచుండెను. అనంత శ్రేణుల రహస్యము నెఱిగినవాడు పక్క యెట్లు వేసికొనవలెనో ఎవరిని అడుగును?

మోహనదాసు దినమునకు పది పన్నెండు మైళ్ళు నడచి శాకాహారశాల కొఱకు వెదకెను. చౌక భోజనశాలలో కడుపునిండ రొట్టె తినియు తృప్తి లేదు. తుదకు ఫారింగ్డన్ వీథిలో అట్టిది కనబడినది. తలుపు చెంత అద్దము వెనుక పుస్తకములు. అందు హెన్రీ సాల్ట్ శాకాహారమును సమర్థించుచు వ్రాసినదానిని ఒక షిల్లింగు పెట్టి కొని, లోనికి పోయి కూర్చుండెను. ఇంగ్లండు చేరిన పిదప అదియే తొలి నిండు భోజనము.

కొంతకాలమునకు ఆ పాత మిత్రుడే అతనిని హోల్బరన్ అను గొప్ప భోజనశాలకు తోడ్కొనిపోయెను. మొదట సూపు వచ్చెను. అది దేనితో చేసినదో మిత్రుని అడుగుటకు జంకి, మోహనదాసు వడ్డించువానిని పిలిచెను. మిత్రుడు గ్రహించి, పెద్దమనుష్యుల నడుమ మెలగనేరనివాడు బయటికి పోయి మఱియొక చోట తిని తనకొఱకు కాచుకొనియుండవలెనని కసరెను. మోహనదాసు సంతోషముగా లేచి వెలుపలికి వచ్చెను. ప్రక్కననే శాకాహారశాల యొకటి కలదు, అది మూసియున్నది. ఆ రాత్రి భోజనము లేదు. ఇద్దఱును కలిసి నాటకమునకు పోయిరి. జరిగినదానిని గూర్చి మిత్రుడొక మాట అనలేదు, మోహనదాసును అనలేదు.