ముద్రాపకుని పేరు లేని కరపత్రము

2025 డిసెంబరులో తెలంగాణమున గ్రామపంచాయతీలకు మూడు విడతలుగా ఎన్నికలు జరిగినవి. నార్కెటుపల్లి నుండి అద్దంకికి పోవు రహదారిమీద, మిర్యాలగూడకు ఇవతలనున్న వేములపల్లి వంటి యూళ్లలో పూర్వము ఎన్నికల సంగతి గోడలే చెప్పెడివి. సున్నపు గోడపై వ్రాసిన గుర్తు, రచ్చబండయొద్ద మైకు, డప్పు చాటింపు, రాత్రికిరాత్రి అంటించిన గోడపత్రిక - ఎవరేమి చెప్పుచున్నదియు దారిని పోవువానికి సైతము తెలియుచుండెను. ఇప్పుడు గోడలకు ఆ పని తగ్గినది. మాట మాత్రము తగ్గలేదు. అది ప్రతివాని చేతిలోని ఫోనులో జొరబడినది. తెల్లవారకమునుపే వాట్సాపు సమూహములలో అభ్యర్థి చిత్రమును, పాటయు, వాగ్దానమును, ఎదుటివానిపై నిందయు వచ్చి పడుచున్నవి. ఒక వీధివారికి వచ్చినదేమో ప్రక్క వీధివారికి తెలియదు. ఈ కడపటి సంగతినే మేము నేడు విచారింపదలచినాము.

నల్లగొండ సీమకు మాట విలువయు, మాటను అణచు ప్రభుత్వమును క్రొత్తవి కావు. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను, ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను నడపనారంభించిరి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక హైదరాబాదున వెలువడెను. నిజాము రాజ్యమున సభ కూడవలెనన్నను గస్తీ నిషాన్ 53 చొప్పున ముందుగా సర్కారు అనుమతి కావలసియుండెను. పత్రిక కొనగలవారు కొందఱు. చదువగలవారు అంతకన్న తక్కువ. ఐనను ఒకరు అరుగుమీద కూర్చుండి బిగ్గరగా చదువుచుండ పదిమంది చుట్టును చేరి వినెడివారు. "ఇది నిజమేనా?" యని ఒకరడుగుటకును, "మా యూరిలో నట్లు జరుగలేదే" యని వేఱొకరు చెప్పుటకును అచ్చట చోటుండెను. పిమ్మట ప్రచారమునకు వచ్చిన బుఱ్ఱకథయు, 1947 నాటి 'మా భూమి' నాటకమును గుంపు నడుమ పుట్టిన మాటలే. 1948 సెప్టెంబరు 17న నిజాము రేడియోలో యుద్ధవిరమణ ప్రకటించినపుడు దొర విన్నను, జీతగాడు విన్నను, విన్నది ఒక్క మాటయే. ఒకరికొక తీరుగా, మఱియొకరికి మఱియొక తీరుగా పలుకుటకు ఆ యంత్రమున వీలులేదు.

పత్రిక అడుగున చిన్న యక్షరములతో ఒక పంక్తి యుండును. మన చదువరులలో దానిని చదువువారు అరుదు. ముద్రాపకుడెవరు, ప్రకాశకుడెవరు, ఎచ్చట ముద్రితమైనది యని అందుండును. ఈ కట్టుబాటును 1867 నాటి చట్టముతో ఆంగ్లేయ ప్రభుత్వమే పెట్టినది. మన పత్రికలమీద కన్నువేయుటకు పరప్రభువు కల్పించిన యుపాయము కాలక్రమమున పాఠకునికి ఆయుధమగుట వింతయే. స్వతంత్ర భారతమున ప్రజాప్రాతినిధ్య చట్టముయొక్క 127-ఎ విభాగము ఇదే నియమమును ఎన్నికల కరపత్రములకును, గోడపత్రికలకును వర్తింపజేసినది. ముద్రాపకుని పేరును, ప్రకాశకుని పేరును, వారి చిరునామాలును లేని కరపత్రమును అచ్చువేసినవానికి ఆఱు నెలలవఱకు ఖైదు గాని, రెండువేల రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. రెండువేలనగా నేడు ఒక అభ్యర్థి ఒక పూట టీ ఖర్చునకును చాలదు. ఐనను నియమములోని నీతి గట్టిది: నిందవేయువాడు తన ముఖము చూపవలయును.

ఫోనులో వచ్చు కరపత్రమునకు ఆ పంక్తి యేదీ? "ఫార్వర్డెడ్" అను గుర్తొకటి యుండును. దానిని వ్రాసినదెవరో, వ్రాయించినదెవరో, సొమ్మిచ్చినదెవరో ఆ గుర్తు చెప్పదు. "ఇది నా మాట కాదు" అని పంపినవాడు తప్పించుకొనుటకు మాత్రము అది పనికివచ్చును.

పేరు పెట్టి మాటలాడుట యన నెట్టిదో ఈ జిల్లాయే ఒకమారు దేశమునకు చూపినది. 1996 లోకసభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన పల్లెలకు కృష్ణాజలములు కావలయునని దుశర్ల సత్యనారాయణగారి జలసాధన సమితి పూనిక చేయగా, రైతులు వందలుగా వచ్చి నామినేషను పత్రములు దాఖలు చేసిరి. వారి చేతిలో పత్రిక లేదు, టెలివిజను లేదు. బ్యాలెటు పత్రమునే పత్రికగా మార్చుకొనిరి. అది కాగితముగా నుండక పుస్తకమై కూర్చున్నది. ఏర్పాట్లు కుదురక పోలింగు వాయిదా పడినది. కడకు గెలిచినది బొమ్మగాని ధర్మభిక్షముగారు. తక్కినవారిలో ఇంచుమించు అందఱును ధరావతు పోగొట్టుకొనిరి. అదే యేట లోకసభ అభ్యర్థి ధరావతు 500 నుండి 10,000 రూపాయలకు పెరిగినది. ఇట్టి నిరసన మఱల జరుగకుండ సర్కారువారు తలుపు బిగించిరనియే మా యభిప్రాయము. ఎట్లైనను ఆ 480 పేర్లును కాగితముమీద నిలిచిన పేర్లు. తమ గోడును చాటినవారిలో ఒక్కడును ముసుగు వేసికొనలేదు.

నేటి మాటకు ముసుగే బలము. ఇది ఎన్నికలతో పోవు సంగతియైన మే మింత పట్టించుకొనకపోదుము. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినది మొదలు వేములపల్లి సీమ ఎడమ కాలువను నమ్ముకొని వరి పండించుచున్నది. 2023లో వలె జలాశయము నిండని యేట నీరు వచ్చునా రాదా యన్నదే సేద్యగానికి ప్రాణాధారమగు వార్త. "ఫలానా నాటికి నీరు వదలుదురట, మా నాయకుడు సాధించినాడు" అని యెవరో పలికిన మాట ఫోనులో రాగా నారు పోసిన రైతు, నీరు రాకున్న విత్తనములును కూలియు ఎవరినడుగవలయును? నీటిపారుదలశాఖ ప్రకటనయైన తేదీయు, అధికారి సంతకమును ఉండును. మిర్యాలగూడ మిల్లులలో సన్నధాన్యపు ధర ఇంత యని వచ్చు మాటలును ఇట్టివే. ధాన్యము ట్రాక్టరులో నెత్తిన పిదప గాని అబద్ధము తెలియదు.

ప్రాణములు పోయిన సందర్భములును కలవు. 2018 మే నెలలో, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఫోనులలో ప్రాకిన వదంతులచేత హైదరాబాదులోనే మనుష్యులను కొట్టి చంపుట జరిగినది. ఆ దినములలో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు పోలీసులను పల్లెలకు పంపి, డప్పుతోను, పాటతోను జనులకు నిజము చెప్పించిరి. క్రొత్త యంత్రము పెట్టిన చిచ్చును ఆర్పినది మన పాత డప్పు! అదే యేడు జులైలో వాట్సాపు కంపెనీవారు ఒక సందేశమును ఒకేమారు ఐదుగురికి మించి పంపరాదని మన దేశమున హద్దు విధించిరి. మంచిదే. కాని పదిమంది కూలివాండ్రను పెట్టుకొన్న అభ్యర్థికి ఐదు పదులు ఏబదియగుట ఎంతసేపు?

మేము క్రొత్త సాధనమునకు శత్రువులము కాము. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 'మన మిత్ర' యను పేర వాట్సాపుద్వారా 161 సేవలను ప్రారంభించినది. కచేరి గుమ్మములో పడిగాపులు పడు పేదవానికి అది మేలే. పత్రికలవారమును అంత పవిత్రులము కాము. 2009 ఎన్నికలలో ఆంధ్రదేశమున పత్రికలు సొమ్ము పుచ్చుకొని అభ్యర్థుల స్తోత్రములను వార్తలుగా ప్రకటించిన వైనమును ప్రెస్ కౌన్సిలు ఉపసంఘము 2010లో విచారించినది, మన కె. శ్రీనివాసరెడ్డిగారు అందొక సభ్యులు. ఆ నివేదికను పూర్తిగా వెల్లడించుటకే కౌన్సిలు మొదట వెనుదీసినది. ఆ మచ్చ మా వృత్తికి మాసిపోలేదు. కాని ఆ పత్రికలకు పేర్లుండినవి గనుకనే ఉపసంఘము ప్రశ్నింపగలిగినది.

2013లో ఎన్నికల సంఘము అభ్యర్థులు తమ సామాజిక మాధ్యమ ఖాతాలను ప్రమాణపత్రములో తెలుపవలయుననియు, ఆ ప్రచారపు ఖర్చును లెక్కలో చూపవలయుననియు ఉత్తరువు చేసినది. బావమఱది నడపు సమూహము, "అభిమానులు" నడపు సమూహము ఆ లెక్కలోనికి వచ్చునా? 127-ఎ విభాగమును కాగితముతో నిలుపక, మూల్యమిచ్చి వందలమందికి పంపించు ప్రతి ఎన్నికల సందేశమునకును విస్తరింపవలయును. పంపించినవాని పేరు సందేశములోనే యుండవలయును. తన కూతురికో, స్నేహితునికో మనసులోని మాట వ్రాసికొను సామాన్యుని జోలికి చట్టము పోరాదు. అట్లు పోయిన గస్తీ నిషాను మఱల వచ్చినట్లే.

ఢిల్లీలో చట్టము మాఱువఱకు ఊరివారు ఊరకుండ నక్కఱలేదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము చొప్పున గ్రామసభ రెండు నెలలకొకమారు కూడవలయును. వేములపల్లిలోగాని, మఱియే యూరిలోగాని రాబోవు గ్రామసభకు ఓటర్లు తమ ఫోనులను తీసికొని పోవుదురు గాక. డిసెంబరులో ఏ వాడకు ఏ వాగ్దానము వచ్చినదో ఒక్కొక్కటిగా బిగ్గరగా చదివి వినిపింపవలయును. సర్పంచి తనవి యని యొప్పుకొన్న మాటలను కార్యదర్శిచేత తీర్మానముల పుస్తకములో వ్రాయించి, క్రింద సంతకము చేయింపవలయును.